వైఫైలోకి ఎవరో దూరారని అనుమానమా?

సమస్య: రాత్రయితే నెట్ నెమ్మదిస్తోంది. రూటర్ పేజీలో (బ్రౌజర్‌లో తెరిచే దాని సెట్టింగ్‌ల పేజీ) తెలియని పరికరం కనిపిస్తోంది.

ముందు టెన్షన్ పడకండి. ఇప్పటి ఫోన్లు అసలు మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్‌లో పరికరాన్ని గుర్తించే సంఖ్య) దాచి, ఒక్కో వైఫైకి ఒకటి చొప్పున కల్పించుకుంటాయి. అందుకే మీ ఇంట్లో ఫోనే కొత్తదిలా కనిపించవచ్చు. ఒక్కో ఫోన్‌లో వైఫై ఆపుతూ, ఆ పేరు లిస్టులోంచి పోతుందేమో చూడండి. టీవీ, ల్యాప్‌టాప్ లాంటివి కూడా అన్నీ ఆపినా ఉందంటే బయటివాళ్లది కావచ్చు.

కారణం: ఎక్కువగా పాస్‌వర్డే. మన దగ్గర చాలా ఇళ్లలో అది ఇంటాయన ఫోన్ నంబరే! ఫోన్ వైఫైకి కనెక్ట్ అయ్యేటప్పుడు రూటర్‌తో జరిగే సంభాషణను పక్కింట్లోంచి కూడా రికార్డు చేయొచ్చు. తర్వాత తీరిగ్గా కంప్యూటర్‌లో ఒక్కో పాస్‌వర్డూ సరిచూస్తారు. రూటర్‌కు ఆ సంగతే తెలియదు. 6 నుంచి 9 లోపు అంకెతో మొదలయ్యే పదంకెల నంబర్లు మొత్తం 400 కోట్లు. సెకనుకు లక్షల్లో ప్రయత్నించే గ్రాఫిక్స్ కార్డుకు అది కొన్ని గంటల పని. అసలు మీ నంబరు తెలిసిన వాళ్లకు ఆ శ్రమ కూడా అక్కర్లేదు.

పరిష్కారం: పొంతన లేని నాలుగైదు తెలుగు మాటలను ఇంగ్లిష్ అక్షరాల్లో కలిపి రాయండి. 20 అక్షరాలు దాటితే మంచిది. రూటర్ పేజీలోకి వెళ్లే అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా మార్చండి, దీన్నే అందరూ మర్చిపోతారు.

సమస్య: పాస్‌వర్డ్ మార్చినా ఆ పరికరం మళ్లీ వచ్చింది.

కారణం: డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డ్ కొట్టకుండా పరికరాన్ని వైఫైకి కలిపే సదుపాయం) పిన్ అయి ఉండొచ్చు. ఎనిమిది అంకెలున్నా, రూటర్ మొదటి నాలుగింటిని విడిగా సరిచూస్తుంది. చివరిది మిగతా వాటి నుంచి లెక్కగట్టేదే. కాబట్టి మొదటి నాలుగింటికి 10,000, తర్వాతి మూడింటికి 1,000, మొత్తం 11,000 ప్రయత్నాలు చాలు. 2011లోనే ఇది బయటపడింది. పిన్ దొరికితే కొత్త పాస్‌వర్డ్‌ను రూటరే చెప్పేస్తుంది.

పరిష్కారం: డబ్ల్యూపీఎస్ ఆపేసి, పాస్‌వర్డ్ మళ్లీ మార్చండి. ఆపే వీలు లేకపోతే రూటర్ మార్చడమే మేలు.

సమస్య: భద్రత బలహీనంగా ఉందని ఫోన్ హెచ్చరిస్తోంది.

కారణం: వైఫైకి రక్షణనిచ్చే పాత పద్ధతులు, అంటే 2001లోనే ఛేదించిన డబ్ల్యూఈపీ గానీ, పాత టీకేఐపీ గానీ నడుస్తోంది.

పరిష్కారం: రూటర్ సెక్యూరిటీ సెట్టింగ్‌లో కొత్త పద్ధతి డబ్ల్యూపీఏ2-ఏఈఎస్ పెట్టండి, డబ్ల్యూపీఏ3 ఉంటే ఇంకా మంచిది. పాత ప్రింటర్ కనెక్ట్ కాకపోతే దాన్ని కేబుల్‌తో కలపండి, దాని కోసం ఇల్లంతటి భద్రత తగ్గించొద్దు.

సమస్య: వైఫై మాటిమాటికీ తెగుతోంది, అదే పేరుతో తాళం గుర్తు లేని మరో నెట్‌వర్క్ కనిపిస్తోంది.

కారణం: వట్టి తెగడమే అయితే సిగ్నల్ లోపం కావచ్చు. రెండూ కలిసి వస్తే మాత్రం ఎవరో మీ కనెక్షన్ తెంచి, మిమ్మల్ని రప్పించుకోవడానికి నకిలీ నెట్‌వర్క్ పెట్టారని అనుమానించాలి.

పరిష్కారం: దానికి కనెక్ట్ కావొద్దు, పాస్‌వర్డ్ అడిగినా ఇవ్వొద్దు. రూటర్‌లో ప్రొటెక్టెడ్ మేనేజ్‌మెంట్ ఫ్రేమ్స్ (కనెక్షన్ తెంచే నకిలీ ఆదేశాలను అడ్డుకునే సెట్టింగ్) ఆన్ చేయండి. డబ్ల్యూపీఏ3లో అది తప్పనిసరిగా ఉంటుంది.