టూల్‌బాక్స్ టాక్‌కి ఒక వంత కావాలి

ఉదయం ఎనిమిదిన్నర. షిఫ్టు మొదలయ్యే ముందు పది నిమిషాల టూల్‌బాక్స్ టాక్, అంటే పనివాళ్ళకి చెప్పే జాగ్రత్తల మాట. నలభై మంది నిలబడి ఉంటారు, సగం మంది కళ్ళు టీ క్యాన్ మీద. మందుల ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసరుగా చేరిన కొత్తలో నేను కాగితం చూసి చదివేవాణ్ణి: "ఆక్సిజన్ 19.5 శాతం కన్నా తక్కువుంటే రియాక్టర్లోకి దిగరాదు." రియాక్టరంటే రసాయనాలు కలిపే పెద్ద మూతట్యాంకు. అందరూ తలూపి, రిజిస్టర్లో సంతకం పెట్టి వెళ్ళేవారు. మధ్యాహ్నం అడిగితే ఆ అంకె ఒక్కడికీ గుర్తుండేది కాదు.

మా పెదనాన్న విజయనగరం దగ్గర ఒక బుర్రకథ దళంలో హాస్యపు వంత. నా గోడు విని నవ్వాడు. "కథకుడొక్కడే చెప్పుకుపోతే జనం కునుకు తీస్తార్రా. మధ్యలో నేను 'అదేటి గురూ, అలాగెందుకు చేసినాడు?' అనడగాలి. జనం నోట్లో ఉన్నమాట నేనంటాను. అప్పుడు గానీ వాళ్ళు కథలోకి రారు."

అప్పట్నుంచీ నేను చేసే పని ఇది. మీరు సూపర్‌వైజరైనా, మేనేజరైనా, నలుగురి చేత పని చేయించే ఇంకెవరైనా మీ చోటికి తగ్గట్టు మార్చుకోండి.

ముందు, కథ మీ షెడ్డులోదే అయ్యుండాలి. ఎక్కడో విదేశంలో పేలిన ప్లాంటు గురించి చెబితే సినిమా చూసినట్టు చూస్తారు. నేను జేబులో ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకుంటాను. ప్రమాదం తృటిలో తప్పిన ప్రతిసారీ నాలుగు ముక్కలు రాస్తాను: టైము, చోటు, చేతిలో ఉన్న వస్తువు, ఆ మనిషి అన్న మాట. చివరిది అన్నిటికన్నా ముఖ్యం. కారణాలూ విశ్లేషణలూ రిపోర్టులో ఎలాగూ ఉంటాయి.

నేను ఎక్కువసార్లు చెప్పిన కథ ఇది. సాయంత్రం నాలుగున్నర. రియాక్టర్ మ్యాన్‌హోల్ మూత తీసి ఉంది. ఫిట్టర్ చేతిలో స్పానర్ జారి లోపల పడింది. లోపలికొచ్చే నైట్రోజన్ లైనుకి బ్లైండ్, అంటే గొట్టాన్ని మూసేసే బిళ్ళ, వెయ్యలేదు. నైట్రోజన్‌కి వాసన లేదు, రంగు లేదు, మనం పీల్చే గాలిలో 78 శాతం అదే. అందుకే ఎవరికీ అనుమానం రాదు. ఆక్సిజన్ బాగా తగ్గిన చోట ఊపిరాడనట్టు కూడా అనిపించదు, రెండు మూడు ఊపిరులకే మనిషి పడిపోతాడు. అతన్ని తియ్యడానికి ఇంకొకడు దిగుతాడు, వాడూ పడతాడు. ఫిట్టర్ అన్నాడు: "అర నిమిషం పనే కదా." కాలు లోపల పెట్టాడు.

అక్కడ ఆగిపోతాను.

ఆగడమే అసలు కిటుకు. నేర్చుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది. మనిషి ఇటా అటా అని తేల్చుకునే క్షణంలో కథ ఆపి నోరు మూసుకోవాలి. ఐదారు సెకన్లు గంటల్లా అనిపిస్తాయి. భరించండి. అప్పుడు వంత అందుకుంటాడు. ముందురోజే ఒకతన్ని పిలిచి "రేపు నేనాగినచోట నీకేమనిపిస్తే అదడుగు" అని చెప్పి ఉంచుతాను. ప్రశ్న నేను రాసివ్వను. రాసిస్తే చిలకపలుకులవుతాయి. ఆరోజు అతను "పక్కన హెల్పరు లేడా సార్? ఏం చేస్తన్నాడు?" అన్నాడు. హెల్పరు ఉన్నాడు. కాలరు పట్టి వెనక్కి లాగి, "మీటరు పెట్టాకే" అని మొండికేశాడు. గాలిని కొలిచే గ్యాస్ మీటరు దించితే ఆక్సిజన్ 14 శాతం చూపించింది. ఉండాల్సింది 20.9. ఇప్పుడు మా షెడ్డులో 19.5 ఎందుకో ఎవర్నడిగినా చెబుతారు.

మా దగ్గర ఒడియా, బీహారీ కుర్రాళ్ళు చాలామంది. అందుకే వంతని వాళ్ళలోంచే తీసుకుంటాను. అతను తన భాషలో అడుగుతాడు, మేస్త్రీ జవాబు చెబుతాడు, అనువాదం దానంతటదే అయిపోతుంది. నేను ఒక ఖాళీ డ్రమ్ము తెచ్చి మ్యాన్‌హోల్ అంటాను. కాస్త నాటకమే, సిగ్గుపడితే కుదరదు.

వాట్సాప్‌లో తిరిగే శవాల ఫొటోలు మాత్రం వద్దు. జనం తల తిప్పేసుకుంటారు. పైగా పోయినవాడికీ ఇంట్లోవాళ్ళుంటారు. పొరపాటు చేసిన మనిషి పేరు కూడా చెప్పకండి, అతను అక్కడే నిలబడి ఉంటే మరీను. పేరు బయటపడిందంటే మర్నాటి నుంచి ఒక్కడూ నిజం చెప్పడు.

పై అధికారులకి చెప్పే తీరు వేరు. గ్యాస్ మీటర్లు ఇంకో నాలుగు కొనమని మూడు మెమోలు రాశాను, కదల్లేదు. నాలుగోసారి ఆ స్పానరే తీసుకెళ్ళి ప్లాంట్ హెడ్ గారి టేబుల్ మీద పెట్టాను. "దీనికోసం మనవాడు దిగబోయాడు సార్" అని రెండు నిమిషాల్లో కథ ముగించి, వెంటనే కొటేషన్ కాగితం ముందుంచాను. పైవాళ్ళ దగ్గర కథ తర్వాత అంకె లేకపోతే అది ఏడుపవుతుంది. కథ లేకుండా అంకె ఒక్కటే పెడితే ఇంకో మెమో. ఒక్క పిట్టకథకి మించి చెప్పకండి, వాళ్ళకి టైముండదు. సంతకం ఆరోజే అయిందనను, వారం పట్టింది.

ఇవన్నీ ఎప్పుడు పనిచేస్తాయంటే, మొదటి కథ మీ మీదే చెప్పుకున్నప్పుడు. నాదొకటుంది. ఒక వర్షం రోజు చోటు చూడకుండా, ఆఫీసులో కూర్చునే వర్క్ పర్మిట్ మీద, అంటే పని మొదలెట్టడానికిచ్చే అనుమతి కాగితం మీద, సంతకం పెట్టేశాను. ఏమీ కాలేదు, కేవలం అదృష్టం. మార్చి 4న జాతీయ భద్రతా దినం సభలో, నినాదాల పోటీ బహుమతులయ్యాక, మైకులో అది చెప్పేశాను. హెచ్‌ఆర్ ఆయన ముఖం మాడింది. అంతదాకా నెలకి ఒకటో రెండో వచ్చే 'తృటిలో తప్పిన' రిపోర్టులు ఆ తర్వాత పెరిగాయి.

మొన్న సోమవారం వంతగా పెట్టిన ఒడియా వెల్డరు నేనాగకముందే చెయ్యెత్తాడు. ప్రశ్న కాదు, తన కథే. శనివారం మీటరు బ్యాటరీ అయిపోయిందట, ఎవరికీ చెప్పకుండా పని కానిచ్చేశాడట. ఎవరూ నవ్వలేదు. టాక్ అక్కడే ఆపి, ఆరు మీటర్లూ తెప్పించి ఒక్కొక్కటే ఆన్ చేశాం. రెండు వెలగలేదు. ఆరోజు టీ చల్లారిపోయింది.