మెయిళ్ల వరదకు అడ్డుకట్ట: ఫిల్టర్లు ఎలా పెట్టాలి, మెయిల్ ఎలా రాయాలి?

ముందు ఇన్‌బాక్స్ తెరిచి, ఎక్కువ మెయిళ్లు ఎవరి నుంచి వస్తున్నాయో చూడండి. అసలు చదవని న్యూస్‌లెటర్లకు ఫిల్టర్ (వచ్చిన మెయిల్‌ను దానంతటదే పక్కకు సర్దే ఏర్పాటు) దండగ, అన్‌సబ్‌స్క్రైబ్ చేస్తే సరి. ముక్కూమొహం తెలియనివాళ్ల మెయిల్లో మాత్రం అన్‌సబ్‌స్క్రైబ్ లింకు నొక్కకండి. ఈ అడ్రస్ వాడుకలో ఉందని వాళ్లకు మీరే చెప్పినట్టవుతుంది. స్పామ్‌గా రిపోర్ట్ చేయండి.

చదవాలి గానీ ఇప్పుడే అక్కర్లేదనుకునేవాటికే ఫిల్టర్. జీమెయిల్‌లో అయితే కంప్యూటర్లోనే పెట్టాలి, ఫోన్ యాప్‌లో కుదరదు.

1. సెర్చ్ బాక్స్ కుడి చివరనున్న గీతల గుర్తు నొక్కి, 'ఫ్రమ్' దగ్గర పంపేవాళ్ల అడ్రస్ ఇవ్వండి.

2. ఫిల్టర్ చేసేముందు 'సెర్చ్' నొక్కి ఏమేం వస్తున్నాయో చూడండి. చాలామంది వదిలేసేది ఈ మెట్టే. సబ్జెక్టులో 'రిపోర్ట్' అని మాత్రమే ఇస్తే, రోజూ వచ్చే ఆటోమేటిక్ రిపోర్టుతోపాటు మేనేజర్ అర్జెంటుగా అడిగిన 'సేల్స్ రిపోర్ట్' మెయిల్ కూడా పక్కకు పోతుంది. అడ్రస్, సబ్జెక్టు రెండూ కలిపి ఇస్తే ఆ బెడద ఉండదు.

3. మళ్లీ అదే గుర్తు నొక్కి 'క్రియేట్ ఫిల్టర్'కు వెళ్లండి. 'స్కిప్ ది ఇన్‌బాక్స్' (ఇన్‌బాక్స్‌లో కనబడకుండా), 'అప్లై ది లేబుల్' (మీరు పెట్టిన పేరు కింద చేరేలా) టిక్ చేయండి. పాత మెయిళ్లూ సర్దుకోవాలంటే 'ఆల్సో అప్లై ఫిల్టర్...' కూడా.

'మార్క్ యాజ్ రీడ్' జోలికి పోకండి. ఇన్‌బాక్స్‌లో కనబడక, లేబుల్ పక్కన అంకె కూడా పెరగక, మెయిల్ వచ్చిన సంగతే తెలియదు. 'డిలీట్ ఇట్' ఇంకా ప్రమాదం: ట్రాష్‌లో 30 రోజులే ఉంటుంది. రెండు వారాలు లేబుల్‌తో నడిపి చూశాకే ఆ సాహసం.

అవుట్‌లుక్‌లో వీటిని రూల్స్ అంటారు. అవి పైనుంచి కిందికి వరసగా నడుస్తాయి కాబట్టి ముఖ్యమైనది పైన ఉంచండి.

ఇక మనం పంపేవి. అరకొరగా రాసిన మెయిల్ ఒకటి పంపితే, అనుమానాలు అడుగుతూ మూడు తిరిగొస్తాయి. 'హలో' అనే సబ్జెక్టు ఎవరికీ ఏమీ చెప్పదు. 'బడ్జెట్ షీట్: శుక్రవారం 4 గంటల్లోపు మీ ఆమోదం కావాలి' అంటే తెరవకముందే పని అర్థమవుతుంది. పని చేయాల్సినవాళ్లు 'టు'లో, తెలిస్తే చాలనుకునేవాళ్లు 'సీసీ'లో. నలభై మందికి వెళ్లిన మెయిల్‌కు 'థాంక్యూ' అని రిప్లై ఆల్ కొట్టకండి. 'బీసీసీ'లో, అంటే మిగతావాళ్లకు పేరు కనబడకుండా, ఉన్నవాళ్లకైతే అది మరీ చిక్కు: రిప్లై ఆల్ కొట్టగానే వాళ్లూ ఆ మెయిల్ చూశారని అందరికీ తెలిసిపోతుంది.

పొరపాటున పంపినదాన్ని ఆపడానికి సెట్టింగ్స్‌లో 'అన్‌డూ సెండ్' గడువును 30 సెకన్లకు మార్చుకోండి. అంతకు మించి జీమెయిల్ ఇవ్వదు.