తుపాను రోజులు రాకముందే మిర్రర్ సర్వర్‌లో హార్డ్ డిస్క్ మార్చుకోవడం: జాగ్రత్తలు

విశాఖపట్నంలో పోర్టు పరిసరాల క్లియరింగ్ ఏజెంట్ల కార్యాలయాల్లోనూ, ద్వారకానగర్‌లోని ఆడిటర్ల దగ్గరా, డయాగ్నస్టిక్ ల్యాబుల్లోనూ, ఆటోనగర్ వర్క్‌షాపుల్లోనూ సాధారణంగా కనిపించేది ఒకే ఒక చిన్న సర్వర్, అందులో ఒకదాని ప్రతిని మరొకటి రాసుకునే రెండు హార్డ్ డిస్కులు. రెయిడ్-1 లేదా మిర్రర్ అనే ఈ అమరికలో ఒక డిస్క్ చెడినా పని ఆగదు కాబట్టి, చెడిన సంగతి వారాల తరబడి ఎవరి దృష్టికీ రాకపోవచ్చు. ఆ వారాలన్నీ కార్యాలయం లెక్కలన్నీ ఒక్క డిస్క్ మీదే ఆధారపడి ఉంటాయి. బంగాళాఖాతంలో తుపాన్లు ఎక్కువగా పుట్టే అక్టోబరు, నవంబరు నెలల్లో ఈ స్థితి మరీ ప్రమాదకరం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటినప్పుడు నగరంలోని చాలా ప్రాంతాలకు రోజుల తరబడి కరెంటు లేదు. అందుచేత సెప్టెంబరులో హెచ్చరిక కనిపించిన డిస్క్‌ను దీపావళి తరువాత చూసుకుందామని వదిలేయకూడదు.

మొదట డిస్క్ నిజంగా చెడిపోతున్నదో లేదో తేల్చుకోవాలి. ప్రతి హార్డ్ డిస్క్ తన ఆరోగ్య వివరాలను స్మార్ట్ అనే పట్టికలో నమోదు చేసుకుంటుంది. అందులో 5వ అంశం పాడైనందువల్ల వేరేచోటికి మార్చిన సెక్టార్ల (సమాచారం రాసుకునే చిన్న గడుల) సంఖ్యను, 197వది చదవడానికి మొరాయిస్తూ తేలకుండా ఉన్న సెక్టార్లను, 198వది పరీక్షలోనూ చదవలేకపోయినవాటిని చెబుతాయి. ఈ అంకెలు సున్నా దాటి వారం వారం పెరుగుతుంటే ఆ డిస్క్‌కు కాలం దగ్గరపడిందని భావించాలి. డిస్క్‌కూ సర్వర్‌కూ మధ్య సమాచారం చేరడంలో దొర్లిన తప్పులను లెక్కించే 199వ అంశం ఒక్కటే పెరుగుతుంటే మాత్రం, తప్పు చాలాసార్లు డిస్క్‌లో కాక కేబుల్‌లోనో కనెక్టర్‌లోనో ఉంటుంది. సముద్రానికి ఎదురుగా, కిటికీలు తెరిచి ఉండే గదుల్లో ఉప్పుగాలికి లోహపు కొసలు పాడవుతాయి కాబట్టి, ఇక్కడ కొత్త డిస్క్ కొనేముందు కేబుల్ మార్చి చూడడం తప్పనిసరి.

ఈ పనిలో అన్నిటికంటే ముందు కాపాడుకోవలసింది మిగిలిన మంచి డిస్క్‌ను. తక్కిన జాగ్రత్తలన్నీ దీని నుంచే వస్తాయి. మిర్రర్ ఉంది కదా, బ్యాకప్ ఎందుకని అడిగేవారు చాలామంది ఉన్నారు. పొరపాటున ఒక ఫోల్డర్ తుడిచేస్తే మిర్రర్ ఆ తుడుపును కూడా అదే క్షణంలో రెండో డిస్క్‌కు చేరుస్తుంది. డబ్బు గుంజడానికి చొరబడే రాన్సమ్‌వేర్ ఫైళ్లకు తాళం వేసినా రెండు డిస్కుల్లోనూ వేస్తుంది. కాబట్టి సర్వర్ పెట్టె తెరవకముందే మొత్తం సమాచారాన్ని విడి ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి తీసుకోవాలి. ట్యాలీ వంటి సాఫ్ట్‌వేర్‌ను అందరూ మూసిన తరువాతే దాని డేటాను కాపీ చేయాలి. డేటాబేస్ ఉంటే దాని సొంత బ్యాకప్ పద్ధతినే వాడాలి. కాపీ అయిందన్న సందేశాన్ని నమ్మి ఊరుకోకుండా, ఆ ప్రతిని మరో కంప్యూటర్‌కు తగిలించి నాలుగు ఫైళ్లు తెరిచి చూడాలి. ఆ తరువాత దానిని కార్యాలయంలో ఉంచకుండా, నీరు చేరని ఎత్తైన మరో చోట భద్రపరచాలి.

బ్యాకప్ చేతిలోకి వచ్చాకే మంచి డిస్క్ మీద సుదీర్ఘ స్మార్ట్ పరీక్ష నడపాలి. ఈ వరుస తారుమారు కాకూడదు. పరీక్ష డిస్క్ మొత్తాన్ని చదివిస్తుంది కాబట్టి బలహీనమైన డిస్క్ ఆ శ్రమకే ఆగిపోవచ్చు. రెండు డిస్కులూ ఒకేరోజు, ఒకే పెట్టెలోంచి కొన్నవైతే, ఒకే వేడిలో ఒకే పని చేసి ఉంటాయి కాబట్టి రెండోది కూడా బలహీనపడి ఉండే అవకాశం తక్కువేమీ కాదు. కొత్త డిస్క్‌లోకి ప్రతి తీసే (రీబిల్డ్) సమయంలో మంచిదనుకున్న డిస్క్‌లో చదవలేని సెక్టార్లు బయటపడడమే ఈ పనిలో ఎదురయ్యే అతి పెద్ద ఆపద.

కొత్త డిస్క్ పరిమాణం పాతదానితో సమానంగానో అంతకన్నా ఎక్కువగానో ఉండాలి. 4 టెరాబైట్లని పైన రాసి ఉన్నా లోపల కొద్ది సెక్టార్లు తక్కువైతే మిర్రర్ దానిని చేర్చుకోదు. ట్రాక్‌లను ఒకదానిపై ఒకటి కప్పి రాసే ఎస్ఎంఆర్ రకం డిస్కులు రీబిల్డ్‌లో చాలా నెమ్మదిస్తాయి కాబట్టి ట్రాక్‌లను విడివిడిగా రాసే సీఎంఆర్ రకమేనని దుకాణంలోనే నిర్ధారించుకోవాలి. ఏసీ కారులో తెచ్చిన చల్లని డిస్క్‌ను ఉక్కగా ఉన్న గదిలో వెంటనే విప్పితే దానిపై తేమ పట్టవచ్చు. కవరులోనే ఉంచి గది వేడికి వచ్చాక తీయాలి. స్థిర విద్యుత్తు వల్ల హాని జరగకుండా మణికట్టుకు ఎర్త్ పట్టీ ధరించడం మంచిది.

మంచి డిస్క్‌ను పొరపాటున లాగేయడం ఎంతో అనుభవం ఉన్నవారి చేతుల్లోనూ జరగగల ప్రమాదం. ఆపరేటింగ్ సిస్టం ఇచ్చే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ వంటి పేర్లు రీబూట్ తరువాత మారిపోవచ్చు కాబట్టి వాటిని ఆధారం చేసుకోకూడదు. స్మార్ట్ పట్టికలో కనిపించే సీరియల్ నంబరును కాగితంపై రాసుకుని, డిస్క్ మీది స్టిక్కర్‌తో పోల్చి, వీలైతే ఒకరు పైకి చదువుతుండగా మరొకరు సరిచూడాలి. వారం క్రితమే మిర్రర్ నుంచి తప్పుకున్న డిస్క్‌ను మంచిదనుకుని ఉంచేస్తే, సర్వర్ తెరుచుకున్నా అందులో వారం కిందటి లెక్కలే కనిపించవచ్చు, వాటి మీదే కొత్త ఎంట్రీలు పడిపోవచ్చు.

4 టెరాబైట్ల డిస్క్ సెకనుకు 150 మెగాబైట్ల వేగంతో రాసినా రీబిల్డ్‌కు ఏడెనిమిది గంటలు పడుతుంది; మధ్యలో ఉద్యోగులు సర్వర్ వాడుతుంటే ఇంకా ఎక్కువ. శనివారం సాయంత్రం మొదలుపెట్టడం అనుకూలం. యూపీఎస్ బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో ముందే పరీక్షించి, కరెంటు పోతే సర్వర్ దానంతట అది సక్రమంగా మూతపడేలా అమర్చాలి. విశాఖపట్నంలోని తుపాను హెచ్చరిక కేంద్రం ఉత్తర కోస్తాకు హెచ్చరిక జారీ చేసి ఉంటే ఈ పని మొదలుపెట్టనే వద్దు. అప్పుడు బ్యాకప్ తీసి, సర్వర్‌ను ఆపి, ప్లగ్గు తీసి, నేల మీద ఉంటే బల్ల పైకి చేర్చడమే సరైనదని నా అభిప్రాయం.

మార్చేటప్పుడు పాత డిస్క్‌ను ముందు సాఫ్ట్‌వేర్‌లో విఫలమైనట్లు గుర్తించి, మిర్రర్ నుంచి తొలగించి, నడుస్తుండగా తీసే సౌకర్యం లేని సర్వర్ అయితే పూర్తిగా ఆపిన తరువాతే విప్పాలి. లినక్స్‌లో, డిస్క్ ఏయే భాగాలుగా విడి ఉందో చెప్పే పార్టిషన్ పట్టికను మంచి డిస్క్ నుంచి కొత్తదానికి కాపీ చేసే ఆదేశంలో దిశ తప్పితే ఖాళీ పట్టిక మంచి డిస్క్ మీద పడుతుంది. ఎంటర్ నొక్కేముందు సీరియల్ నంబరును మరోసారి చూడాలి. విడి రెయిడ్ కార్డు ఉన్న సర్వర్లలో ఇనిషియలైజ్, క్లియర్ అనే మెనూలను ముట్టుకోకూడదు. కావలసింది రీబిల్డ్ మాత్రమే.

రీబిల్డ్ ముగిసి రెండు డిస్కులూ సరిగా ఉన్నట్లు కనిపించాక కూడా ఒక పని మిగులుతుంది. సర్వర్‌ను మొదట లేపే చిన్న ప్రోగ్రామ్ అయిన బూట్‌లోడర్ కొత్త డిస్క్‌లో చేరిందో లేదో చాలామంది చూడరు. లినక్స్‌లో దానిని విడిగా ఎక్కించవలసి రావచ్చు. లేకపోతే ఎప్పుడో మిగిలిన ఆ మంచి డిస్క్ కూడా పోయినరోజున, సమాచారం భద్రంగా ఉన్నా సర్వర్ లేవదు. తరువాత మరో బ్యాకప్ తీసుకుని, కొన్ని రోజులు సర్వర్ సక్రమంగా నడిచేదాకా తీసేసిన డిస్క్‌ను పారేయకుండా పేరు, తేదీ రాసి ఉంచాలి. అందులో రోగుల నివేదికలు, ఖాతాదారుల పాన్ నంబర్లు ఉండవచ్చు కాబట్టి అలాగే పాతసామాను దుకాణానికి ఇవ్వరాదు. ఇంకా పనిచేస్తుంటే మొత్తం తుడిచి, పనిచేయకపోతే లోపలి పళ్లాలకు డ్రిల్లుతో రంధ్రాలు చేసిన తరువాతే ఈ-వ్యర్థాలు సేకరించే అధీకృత సంస్థకు అప్పగించాలి.