బయటి బట్ట చవకేనా? ఆర్డర్ పెట్టకముందే వేసుకోవాల్సిన లెక్క

చైనా బట్ట మీటరు ధరను సిరిసిల్ల సాంచాల (మరమగ్గాల) మీద దిగే బట్ట ధరతో నేరుగా పోల్చడం దగ్గరే లెక్క తప్పుతుంది. ఆ ధరకు ముందు ఓడ కిరాయి, బీమా కలపండి. దాని మీద కస్టమ్స్ సుంకం, సుంకంపై 10 శాతం సాంఘిక సంక్షేమ సర్‌ఛార్జీ, ఆ మొత్తంపై ఐజీఎస్టీ (దిగుమతి సరుకుపై వేసే జీఎస్టీ) పడతాయి. ఐజీఎస్టీ తర్వాత క్రెడిట్‌గా వస్తుంది, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గుతుంది, ఖర్చులో వేయొద్దు. పోర్టు ఛార్జీలు, వరంగల్ దాకా లారీ కిరాయి వేయండి. ఎక్కువమంది మరిచేది వడ్డీ. 10 లక్షల సొమ్ము 60 రోజులు ఇరుక్కుంటే, 12 శాతం లెక్కన సుమారు 19,700 రూపాయలు పోయినట్టే.

ఇక్కడి లెక్క వెనక నుంచి వేయాలి. 1,000 కిలోల నూలు బట్ట కావాలంటే నేతలో తరుగు పోను 1,030 కిలోల నూలు ఉండాలి. వడుకులో 13 శాతం దాకా పోతుంది కాబట్టి 170 కిలోల దూది బేళ్లు 7 కావాలి. క్వింటా పత్తికి 33, 34 కిలోల దూది వస్తుంది. అంటే వరంగల్ ఎనుమాముల పత్తి మార్కెట్ యార్డులో 35 నుంచి 36 క్వింటాళ్లు కొనాలి.

కొనేటప్పుడు తేమ మీటరు పెట్టి చూడండి. సీసీఐ (భారత పత్తి సంస్థ) ప్రమాణం 8 శాతం. 12 శాతం ఉన్న పత్తిని 8 శాతం ధరకు కొంటే క్వింటాకు 4 కిలోలకు పైగా నీళ్లకే డబ్బు కట్టినట్టు. దానికంటే పెద్ద తలనొప్పి ఎరువుల బస్తాల పోగులు. ఆ ప్లాస్టిక్ పోగు దూదిలో కలిస్తే కంటికి ఆనదు, అద్దకంలో రంగు పట్టక బట్ట మీద తెల్లగా తేలుతుంది. ఏరడానికి సరైన చోటు జిన్నింగ్ మిల్లు (పత్తి నుంచి గింజ వేరు చేసే మిల్లు) గేటే, తర్వాత చాలా కష్టం.

నూలు రాగానే 120 గజాలు చుట్టి తూచండి. 64.8ని ఆ గ్రాములతో భాగిస్తే కౌంటు, అంటే నూలు సన్నదనం తెలుస్తుంది. అంకె పెరిగేకొద్దీ నూలు సన్నం. 20 కౌంటు అయితే 3.24 గ్రాములు తూగాలి. 3.6 తూగిందంటే అది 18 కౌంటే. అదే బరువుకు పొడవు 10 శాతం తక్కువ వస్తుంది. మిల్లు ఇక్కడిదే అయితే అదే రోజు వెనక్కి పంపొచ్చు. ఓడలో వచ్చిన సరుకైతే తరుగు కింద రాసుకోవాల్సిందే. బయటి సరుకు లెక్కలో దానికోసం కనీసం 3 శాతం వేసుకోండి.

అన్నీ ఇక్కడే దొరకాలని పట్టుపట్టకండి. పాలిస్టర్ నూలు పెట్రోరసాయనాల సరుకు, పత్తి యార్డు పక్కన పుట్టదు. అది బయట కొనడమే మేలు. వరంగల్ కొత్తవాడ జంపఖానాల సంగతి వేరు. ముతక నూలు, చేతి మగ్గం, అద్దకం అన్నీ దగ్గర్లో ఉంటేనే అవి గిట్టుబాటు.

ఒక బీముకు (మగ్గానికి పడుగు చుట్టే దూలానికి) ఒకే లాటు నూలు, అంటే ఒకే విడతలో తయారైన నూలు వాడండి. రెండు లాట్లు కలిస్తే అద్దకం తర్వాత చారలు పడతాయి. బీము మీద లాటు నంబరు సుద్దతో కాదు, చెరగని సిరాతో రాయండి.