లేజర్ మాట వినకపోతే: జీఆర్‌బీఎల్ పిన్ సమస్య - పరిష్కారం

మా ఆటోనగర్ షాపుకి వచ్చే చిన్న సీఎన్‌సీ మెషీన్లు ఎక్కువగా ఒకటే రకం. ఆర్డునో ఊనో కంట్రోల్ బోర్డు, దాని మీద మోటార్లు, స్విచ్‌లు తగిలించే సీఎన్‌సీ షీల్డ్ వి3, లోపల జీఆర్‌బీఎల్ 1.1 (మెషీన్‌ని నడిపే ఫర్మ్‌వేర్, అంటే బోర్డులో ఎక్కించిన ప్రోగ్రాం). మోటార్లు చక్కగా కదులుతాయి, లేజర్ మాత్రం మాట వినదు. అప్పటికే ఫర్మ్‌వేర్ మూడుసార్లు ఎక్కించి, కొత్త లేజర్‌కి కూడా డబ్బు పెట్టి ఉంటారు. మల్టీమీటర్ మాత్రం ఎవరూ తీయరు.

సమస్య: పవర్ ఇవ్వగానే లేజర్ సన్నగానో గట్టిగానో వెలుగుతుంది, ఎం5 (ఆపమనే ఆదేశం) ఇచ్చినా ఆరదు. లేదా అసలు వెలగదు.

కారణం: షీల్డ్ మీద అచ్చు వేసిన పేర్లు పాత ఫర్మ్‌వేర్‌వి. జీఆర్‌బీఎల్ 0.8లో స్పిండిల్ ఎనేబుల్ (స్పిండిల్ మోటార్‌ని గానీ లేజర్‌ని గానీ ఆన్ చేసే సిగ్నల్) ఊనో డి12 పిన్ మీద, జెడ్ లిమిట్ (పైకీ కిందికీ కదిలే జెడ్ అక్షం చివర ఉండే స్విచ్) డి11 మీద ఉండేవి. తర్వాత వేగాన్ని, పవర్‌ని తగ్గించి పెంచడానికి పీడబ్ల్యూఎం (సిగ్నల్‌ని వేగంగా ఆన్-ఆఫ్ చేస్తూ సగటు మార్చే పద్ధతి) అవసరమైంది. ఊనోలో అది డి12కి లేదు, డి11కి ఉంది. అందుకే ఆ రెండింటినీ తారుమారు చేశారు. 1.1లో అదే డీఫాల్ట్. అచ్చు మాత్రం మారలేదు.

నన్ను ముంచింది ఇదే. గుంటూరు నుంచి ఒక కుర్రాడు చెక్క మీద పేర్లు చెక్కే మెషీన్ తెచ్చి, "అన్నా, లేజర్ వెలగట్లేదు" అన్నాడు. షీల్డ్ మీద స్పిన్‌ఎన్ (స్పిండిల్ ఎనేబుల్, డి12) అని రాసిన పిన్ మీద మీటర్ పెడితే దాదాపు 5 వోల్టులు చూపించింది. పిన్ బాగుంది, లేజర్ పోయిందని చెప్పి మార్పించాను. కొత్తదీ వెలగలేదు. ఆ పిన్ ఇప్పుడు జెడ్ లిమిట్ ఇన్‌పుట్. నేను చూసిన 5 వోల్టులు చిప్ లోపలి పుల్‌అప్‌వి, అంటే ఇన్‌పుట్ పిన్‌ని 5 వోల్టుల దగ్గర పట్టి ఉంచే రెసిస్టర్‌వి. మీటర్‌కి నిండుగా కనిపిస్తాయి గానీ వాటిలో కరెంటు దాదాపు ఉండదు. అందుకే ఒక లేజర్ డ్రైవర్ దాన్ని ఆన్ అనుకుంటుంది, ఇంకొకటి పట్టించుకోదు. ఎం5 ఇచ్చి ఇంకోసారి చూసి ఉంటే వోల్టేజి మారలేదని నాకు అక్కడే తెలిసేది. ఆ కుర్రాడి డబ్బు మిగిలేది.

పరిష్కారం: లేజర్ వైర్లు పీకేయండి. మెషీన్‌కి ఆదేశాలు పంపే సాఫ్ట్‌వేర్ కన్సోల్‌లో డాలర్ గుర్తు పక్కన ఐ కొట్టండి. జవాబులో ఓపీటీ వరుసలో వి అక్షరం ఉంటే పీడబ్ల్యూఎం డి11 మీదే ఉంది, అంటే షీల్డ్ మీద జెడ్ ప్లస్ అని రాసిన చోట. $32=0 పెట్టండి, అంటే లేజర్ మోడ్ ఆపండి. లేజర్ మోడ్‌లో ఉంటే కదలకుండా ఇచ్చిన ఎం3కి (ఆన్ ఆదేశానికి) ఏమీ రాకపోవచ్చు, మళ్లీ తప్పుదారి పడతారు. మీటర్ నల్ల వైరు గ్రౌండ్‌కి, ఎర్రది జెడ్ ప్లస్ సిగ్నల్ పిన్‌కి పెట్టండి. $30 (పూర్తి పవర్‌కి ఇచ్చే ఎస్ సంఖ్య) విలువ 1000 అయితే ఎం3 ఎస్1000కి సుమారు 5 వోల్టులు, ఎస్500కి 2.5, ఎం5కి సున్నా రావాలి. మూడూ వస్తేనే ఆ పిన్‌ని నమ్మండి.

లేజర్ టీటీఎల్ (కంట్రోల్ సిగ్నల్) వైరు జెడ్ ప్లస్‌కి, జెడ్ లిమిట్ స్విచ్ స్పిన్‌ఎన్‌కి మార్చండి. రెండోది మరిచిపోవద్దు. స్విచ్ పాత చోటే ఉంటే, అది నొక్కుకున్నప్పుడు అవుట్‌పుట్ పిన్ నేరుగా గ్రౌండ్‌కి షార్ట్ అవుతుంది. ఆ చిప్ పిన్ గరిష్ఠ పరిమితి 40 మిల్లీఆంపులే, పిన్ కాలిపోవచ్చు. చివర్లో $32=1 తిరిగి పెట్టి, లేజర్ కళ్లద్దాలు పెట్టుకున్నాకే పవర్ ఇవ్వండి.

సమస్య: వెలుగుతుంది కానీ సరిగ్గా కాల్చదు.

సాఫ్ట్‌వేర్‌లో ఎస్ గరిష్ఠం 255, మెషీన్‌లో $30 విలువ 1000 ఉంటే పావు వంతు పవరే వెళ్తుంది. రెండూ ఒకటే చేయండి. లేజర్‌కి వేరే సప్లై ఉంటే దాని గ్రౌండ్, ఆర్డునో గ్రౌండ్ కలిశాయో లేదో చూడండి.

ఓపీటీలో వి లేకపోతే పాత అమరికే, స్పిన్‌ఎన్ సరైనదే, కాకపోతే ఆన్-ఆఫ్ మాత్రమే. పీడబ్ల్యూఎం ఫ్రీక్వెన్సీ, బోర్డు ట్రాక్ తెగడం లాంటివి చాలా అరుదు, ఇవన్నీ చూశాకే అటు వెళ్లండి.

నేను మెషీన్ తిరిగిచ్చే ముందు షీల్డ్ మీద తెల్ల టేపు అంటించి, జెడ్ ప్లస్ దగ్గర "లేజర్", స్పిన్‌ఎన్ దగ్గర "జెడ్ స్విచ్" అని పెన్నుతో రాసి పంపుతాను. మీరూ రాసుకోండి.