ఆషాఢం రాకముందే ఇల్లు మారుతున్నారా? స్టార్లు చూసి బండి మాట్లాడే ముందు ఇవి చూసుకోండి

హైదరాబాద్‌లో జ్యేష్ఠమాసం అంటే సామాన్లు సర్దుకునే నెల. ఆషాఢం వచ్చేస్తే చాలామంది కొత్తింట్లో పాలు పొంగించరు. ఇటు చూస్తే జూన్‌లో బడులు తెరుస్తారు. రెండూ కలిసి కూకట్‌పల్లి నుంచి ఎల్బీ నగర్ దాకా ఏ గల్లీలో చూసినా సామాన్లు మోసే డీసీఎం వ్యాన్లే కనిపిస్తాయి. ఓనర్‌కి చెప్పిన తేదీ దగ్గరపడుతుంటుంది. మనం ఫోన్‌లో ప్యాకర్స్ అండ్ మూవర్స్ అని కొట్టి, 4.9 స్టార్లున్న వాళ్లకి ఫోన్ చేసేస్తాం. పదేళ్ల సంసారాన్ని ముక్కూమొహం తెలియనివాళ్ల బండి ఎక్కించడానికి మన చేతిలో ఉన్న ఆధారం ఆ అంకె ఒక్కటే.

నేనూ అలాగే చేశాను. ఉప్పల్ నుంచి కూకట్‌పల్లికి మారుతున్నాం. ఫోన్‌లో మాట్లాడుకున్నది 11,000. బాలానగర్ దగ్గరికొచ్చాక డీసీఎం ఆగిపోయింది. డ్రైవర్ ఫోన్ చేశాడు: "మేడమ్, సామాను ఎక్కువుంది, ఇంకో ఆరు వేలు కొట్టండి, లేకపోతే బండి ఇక్కడే ఉంటది." పొద్దున్నే పాలు పొంగించాలి. స్టవ్వు, గిన్నె, దేవుడి పటాలు, మా అత్తయ్యగారి ఇత్తడి బిందెలు అన్నీ ఆ బండిలోనే ఉన్నాయి. డబ్బు పంపేశాను. ఆ రాత్రి కొత్తింట్లో ఉత్త గచ్చు మీద కూర్చుని, ముందే చదవాల్సిన రివ్యూలు అప్పుడు చదివాను.

మొత్తం 60 చిల్లర రివ్యూలు. అందులో 40కి పైగా రెండు వారాల్లో వచ్చినవే. "గుడ్ సర్వీస్, ఆన్ టైమ్, ప్రొఫెషనల్ టీమ్" అనే నాలుగు మాటలే అటూ ఇటూ తిప్పి రాశారు. ఒక్కరూ ఏ ఏరియా నుంచి ఏ ఏరియాకి మారారో రాయలేదు. రాసినవాళ్లలో ఒకరి ప్రొఫైల్ తెరిచి చూస్తే, అదే వారంలో మూడు వేరే రాష్ట్రాల్లోని దంతాల ఆసుపత్రికి, జిమ్‌కి, టైల్స్ షాపుకి కూడా అయిదేసి స్టార్లు ఇచ్చి ఉన్నాడు. కాబట్టి మొదటి జాగ్రత్త ఇదే: యావరేజ్ పక్కన పెట్టి "న్యూయెస్ట్" నొక్కండి. తేదీలు చూడండి, రాసినవాళ్ల ప్రొఫైళ్లు ఓ అయిదారు తెరవండి. తర్వాత ఒకటి, రెండు స్టార్లవి మాత్రమే చదవండి. "ఫ్రిజ్ మీద గీత పడింది" అనేది అందరికీ జరిగేదే. "దారిలో బండి ఆపి ఎక్కువ అడిగారు" అని ఇద్దరు రాసినా చాలు, ఆ పేరు వదిలేయండి.

ఎంతమంది ఇచ్చారన్నది స్టార్ల కంటే ముఖ్యం. దీనికో తేలిక లెక్క ఉంది. ఆన్‌లైన్ నమ్మకాన్ని కొలవడానికి ఆడన్ యోసాంగ్, రోస్లాన్ ఇస్మాయిల్ అనే పరిశోధకులు 2002లో ప్రతిపాదించిన పద్ధతి అది. మంచి అనుభవాల సంఖ్యకు 1 కలపాలి, మొత్తం సంఖ్యకు 2 కలపాలి, మొదటిదాన్ని రెండోదానితో భాగించాలి. అయిదుకి అయిదూ మంచివే ఉన్నవాళ్లకి 6/7, అంటే 86 శాతం. 200లో 190 మంచివున్నవాళ్లకి 191/202, అంటే 94 శాతం పైనే. పది మంది తిట్టినా రెండోవాళ్లే నయం. ఏమీ తెలియనప్పుడు నమ్మకం సగం దగ్గర మొదలవ్వాలనేది దీని వెనకున్న ఆలోచన. పాతవాటికి విలువ తగ్గించాలని కూడా వాళ్లు చెప్పారు. మన పనికైతే ఏడాది దాటినవి లెక్కలోకి తీసుకోకండి. కూలీలు మారతారు, కొన్నిసార్లు యజమానే మారిపోతాడు.

కానీ ఆ 200 మందీ ఒక్కడే అయితే ఏ లెక్కా పనిచేయదు. ఒకే మనిషి వందమంది వేషం వేయడాన్ని కంప్యూటర్ వాళ్లు సిబిల్ దాడి అంటారు. బ్యాంకులో లోన్‌కి చూసే సిబిల్ స్కోరుకీ దీనికీ సంబంధం లేదు. ఎవరు ఎవరో ధ్రువీకరించే నమ్మకమైన వ్యవస్థ ఒకటి లేకపోతే ఈ దాడిని ఆపలేమని జాన్ డూసర్ 2002లోనే చూపించాడు. నేను ఆ మాట పట్టుకునే ఇప్పుడు జీఎస్టీ నంబర్ అడుగుతున్నాను. దానిలో 15 అక్షరాలు, అంకెలు ఉంటాయి. తెలంగాణదైతే 36తో మొదలవుతుంది. జీఎస్టీ వెబ్‌సైట్‌లో ఆ నంబర్ కొడితే అసలు పేరు, అడ్రస్, రిజిస్ట్రేషన్ తేదీ, ఇంకా నడుస్తోందా లేదా అన్నీ వస్తాయి. "పదిహేనేళ్ల అనుభవం" అని బోర్డు పెట్టినవాళ్ల రిజిస్ట్రేషన్ పోయిన నెలదైతే గట్టిగా అడగండి. జీఎస్టీ వచ్చిందే 2017 జూలై 1న కాబట్టి అంతకు ముందు తేదీ మాత్రం ఎవరికీ ఉండదు. చిన్న బండ్లవాళ్లకి జీఎస్టీ లేకపోవచ్చు, అంతమాత్రాన దొంగలు కారు. అలాంటప్పుడు మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ని అడగండి. ఏ బండి వచ్చింది, ఎవరు గొడవపడ్డారు, అన్నీ అతనికి గుర్తుంటాయి.

ఈ సీజన్‌లో ఇంకో చిక్కుంది. స్టార్లు పేరుకి వస్తాయి, వచ్చే బండి వేరేవాళ్లది. రోజుకి పది ఇళ్లు ఒప్పుకున్న ఆఫీసుకి సొంత బండ్లు మూడే ఉంటే, మిగతా ఏడూ బయటివాళ్లకి అప్పగిస్తారు. ఆ బయటి డ్రైవర్‌కి ఆ పేరు చెడిపోయినా పోయేదేం లేదు. మంగళవారం కూరలమ్మే ఆవిడ మళ్లీ వారం మన ముందుకే రావాలి కాబట్టి తూకం సరిగ్గా వేస్తుంది. ఇల్లు మార్చేవాడు మన జీవితంలోకి ఒక్కసారే వస్తాడు. అందుకని ముందురోజు సాయంత్రమే బండి నంబర్, డ్రైవర్ పేరు, ఫోన్ వాట్సాప్‌లో తెప్పించుకోండి. "బండి మీదేనా, బయటిదా?" అని నేరుగా అడగండి. మనిషి ఇంటికొచ్చి సామాను చూశాకే రేటు మాట్లాడండి, లేదా వీడియో కాల్‌లో బాల్కనీ, అటక, మంచం కింద అన్నీ చూపించండి. లిఫ్ట్ ఉందా, ఎన్నో అంతస్తు, బండి గల్లీలోకి వస్తుందా, ఇవన్నీ కొటేషన్‌లోనే రాయించండి. బాలానగర్‌లో నా దగ్గర అలాంటి కాగితమేదీ లేదు. అడ్వాన్స్ కొద్దిగా ఇవ్వండి, మిగతాది సామాను దిగాకే.

దించేటప్పుడు "అమ్మా, ఇప్పుడే ఫైవ్ స్టార్ పెట్టండి" అని ఫోన్ చేతికిస్తారు. అప్పుడు పెట్టకండి. బీరువా ఇంకా వాళ్ల భుజాల మీదే ఉండగా నిజం ఎవరు రాస్తారు? ఎదుటివాడి చేతిలో మనదేదో ఉన్నంతసేపు రేటింగ్ నిజం చెప్పదు. జనం ఒకరికొకరు వస్తువులు అమ్ముకునే ఈబే అనే వెబ్‌సైట్ దీన్ని చాలా ఏళ్లు అనుభవించింది. అక్కడ కొన్నవాళ్లూ అమ్మినవాళ్లూ ఒకరికొకరు రేటింగ్ ఇచ్చుకునేవారు. కొన్నవాళ్లు చెడుగా రాస్తే అమ్మినవాళ్లూ కసికొద్దీ తిరిగి చెడుగా రాసేవారు. చివరికి 2008లో, అమ్మేవాళ్లు కొన్నవాళ్లకి చెడ్డ రేటింగ్ ఇచ్చే వీలే తీసేశారు.

ఇంట్లో డిగ్రీ చదివే పిల్లలుంటే ఒక మాట చెప్పి ఉంచండి. "హోటళ్లకి అయిదు స్టార్లు ఇవ్వండి, ఒక్కోదానికి ఇంత" అని టెలిగ్రామ్‌లో పని ఇస్తారు, మొదట కొంత ఇస్తారు కూడా. ఆ తర్వాత మన డబ్బే పెట్టిస్తారు. 2023 జూలైలో హైదరాబాద్ పోలీసులు బయటపెట్టిన 712 కోట్ల మోసంలో ఎర ఇలాంటి రేటింగ్ పనులే. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

దారిలో బండి ఆపేస్తే టెన్షన్ పడి డబ్బు పంపేయకండి. 100కి ఫోన్ చేసి బండి నంబర్ చెప్పండి. తర్వాత కొటేషన్, వాట్సాప్ మెసేజ్‌లు పెట్టుకుని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు ఇవ్వండి.

రివ్యూ మాత్రం వారం ఆగి, పెట్టెలన్నీ విప్పాక రాయండి. ఏ తేదీన, ఏ ఏరియా నుంచి ఏ ఏరియాకి, ఎన్నో అంతస్తు, చెప్పింది ఎంత, తీసుకుంది ఎంత, ఏమైనా పగిలిందా. నా రివ్యూ ఇప్పటికీ అలాగే ఉంది, బాలానగర్, ఆరు వేలు, అన్నీ రాశాను. పోయిన నెల ఒకామె దాని కింద థాంక్స్ నొక్కింది.