మీ ప్యాకేజీకి ఏ డిపెండెన్సీలు కావాలో, ఏవి అక్కర్లేదో తేల్చుకోవడం ఎలా?

2016 మార్చి 22న లెక్కలేనన్ని జావాస్క్రిప్ట్ ప్రాజెక్టుల బిల్డ్‌లు ఉన్నట్టుండి ఫెయిలయ్యాయి. కారణం లెఫ్ట్‌ప్యాడ్ అనే 11 లైన్ల ప్యాకేజీ. ఇచ్చిన పదానికి ఎడమ పక్కన ఖాళీలో సున్నాలో చేర్చి కావలసిన పొడవుకు తేవడం, అంతే దాని పని. ఒక ప్యాకేజీ పేరు మీద వచ్చిన గొడవతో దాన్ని రాసిన డెవలపర్ తన ప్యాకేజీలన్నిటినీ, జావాస్క్రిప్ట్ ప్యాకేజీలు దొరికే ఎన్‌పీఎం నుంచి తీసేశారు. కొత్త జావాస్క్రిప్ట్‌ను పాత బ్రౌజర్లకు అర్థమయ్యేలా మార్చే బేబెల్ లాంటి పెద్ద టూల్ కూడా ఎక్కడో లోపల దాని మీదే ఆధారపడి ఉందని చాలామందికి తెలిసింది ఆ రోజే. కొన్ని గంటల్లో ఎన్‌పీఎం దాన్ని తిరిగి పెట్టింది. ఇతరులు వాడుతున్న ప్యాకేజీని ఇష్టమొచ్చినట్టు తీసేయకుండా ఆ తర్వాత రూల్స్ కూడా మార్చింది.

మన కోడ్ ఇలా ఆధారపడే ఇతరుల ప్యాకేజీలనే డిపెండెన్సీలంటారు. అలాగని అన్నీ సొంతంగా రాసుకోవాలని నేను చెప్పను. డిపెండెన్సీలు ఐదుంటే మంచిది, యాభై ఉంటే చెడ్డది అనే లెక్క కూడా పనికిరాదు. ఒక్కొక్కదాన్నీ విడిగా పట్టుకుని, దాని నుంచి మనం తీసుకుంటున్నదేమిటో, దానికి బదులుగా నెత్తినేసుకుంటున్నదేమిటో చూడాలి. ఆ చూడటం ఇలా చేయొచ్చు.

1. ముందు మొత్తం చెట్టు చూడండి

మీ ప్రాజెక్టు ఫైల్‌లో కనిపించేవి మీరు నేరుగా కోరినవి మాత్రమే. వాటి వెనక వచ్చినవి అక్కడ కనిపించవు. రస్ట్‌లో కార్గో ట్రీ, పైథాన్‌లో పిప్‌డెప్‌ట్రీ, జావాలో మేవెన్ డిపెండెన్సీ ట్రీ, నోడ్‌లో ఎన్‌పీఎం ఎల్ఎస్ కమాండ్‌కు ‘ఆల్’ ఆప్షన్ జోడిస్తే చెట్టు మొత్తం తెరమీదికి వస్తుంది. పైథాన్‌లో వెబ్‌సైట్లతో మాట్లాడటానికి వాడే రిక్వెస్ట్స్ ఒక్కటి పెడితే దాని వెంట ఇంకో నాలుగు వస్తాయి. ఎన్‌పీఎంలో సరి సంఖ్యా కాదా అని చెప్పడానికి ఈజ్-ఈవెన్ అనే ప్యాకేజీ ఉంది. అది బేసి సంఖ్యా కాదా అని చెప్పే ఈజ్-ఆడ్‌ను అడుగుతుంది. అదేమో అసలు ఇది సంఖ్యేనా అని ఈజ్-నంబర్‌ను అడుగుతుంది. రెండుతో భాగించి శేషం చూసే పనికి ఇన్ని గడపలు దాటాలి!

చెట్టులో ఏ కొమ్మ కింద ఎక్కువ బరువుందో గుర్తుపెట్టుకోండి. ఒకే లైబ్రరీ రెండు వెర్షన్లలో ఉందేమో, ఎప్పుడో చేర్చి ఇప్పుడు ఎవరూ వాడనివి మిగిలిపోయాయేమో చూడండి. వాడనివాటిని అప్పటికప్పుడే తీసేయండి. దానికి మీటింగ్ అక్కర్లేదు.

2021 డిసెంబరులో, జావా ప్రోగ్రాములు లాగ్‌లు రాయడానికి వాడే లాగ్‌ఫోర్‌జే లైబ్రరీలో లోపం బయటపడినప్పుడు దాని తీవ్రతకు పదికి పది ఇచ్చారు. ఆ లైబ్రరీని తాము నేరుగా వాడటం లేదు కాబట్టి తమకేం ఫర్వాలేదనుకున్న టీములు, అది వేరే లైబ్రరీల వెనక దాక్కుని వచ్చిందని తర్వాత తెలుసుకున్నాయి. సరిచేయడం కంటే ముందు అసలు అది ఎక్కడుందో వెతుక్కోవడమే పెద్ద టెన్షనైంది. చెట్టు ముందే తెలిసుంటే ఆ వెతుకులాట నిమిషాల్లో తేలిపోతుంది.

2. మీరు రాస్తున్నది అప్లికేషనా, ఇతరులు వాడే ప్యాకేజీనా?

అప్లికేషన్ అయితే మీరు ఎంచుకున్న డిపెండెన్సీల మంచిచెడ్డలు మీవే. లైబ్రరీ అయితే అలా కాదు. మీరు చేర్చిన ప్రతిదీ మిమ్మల్ని నమ్మి ఇన్‌స్టాల్ చేసుకున్న ప్రతివాళ్ల మెషిన్‌లోకీ వెళ్తుంది. వాళ్లను ఎవరూ అడగరు. అందుకే లైబ్రరీ రాసేవాళ్లు ఈ విషయంలో చాలా పిసినారిగా ఉండాలని నా గట్టి అభిప్రాయం.

వెర్షన్ల గొడవ ఒకటి చాలు ఇది అర్థం కావడానికి. పైథాన్‌లో ఒక ఎన్విరాన్‌మెంట్‌లో ఒక లైబ్రరీకి ఒకటే వెర్షన్ ఉండగలదు. మీ ప్యాకేజీ దాని ఒకటో వెర్షన్ కావాలని, ఇంకో ప్యాకేజీ రెండో వెర్షన్ కావాలని పట్టుబడితే ఆ రెండూ కలిపి వాడాలనుకున్న మనిషి మధ్యలో ఇరుక్కుంటాడు. ఆర్ భాషకు ప్యాకేజీలను భద్రపరిచే క్రాన్‌లో, తప్పనిసరి డిపెండెన్సీలు రాసే ఇంపోర్ట్స్ కింద, ఆర్‌తో పాటే మామూలుగా రాని ప్యాకేజీలు ఇరవైకి మించితే తనిఖీలో ఒక గమనిక వస్తుంది. వాటిలో ఏది అందుబాటులో లేకుండా పోయినా మీ ప్యాకేజీ దెబ్బతింటుంది, వీలైనన్నిటిని ఐచ్ఛికం చేయండి అని దాని సారాంశం.

3. లైన్లు తెచ్చుకుంటున్నారా, నైపుణ్యం తెచ్చుకుంటున్నారా?

అన్నిటికంటే ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి. డిపెండెన్సీలలో కొన్ని మనకు టైపింగ్ మాత్రమే తగ్గిస్తాయి. కొన్ని మాత్రం ఏళ్ల తరబడి ఎవరో నేర్చుకున్నదాన్ని మన చేతికిస్తాయి. ఈ రెండిటినీ ఒకే గాటన కట్టకూడదు.

ఎన్‌క్రిప్షన్ రెండో రకం. 2006లో డెబియన్ అనే లినక్స్ డిస్ట్రిబ్యూషన్‌లో, ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ కోడ్‌లోని ఒక చిన్న భాగాన్ని, ఒక టూల్ హెచ్చరికలు ఇస్తోందని తీసేశారు. దాంతో ర్యాండమ్‌గా ఉండాల్సిన ఎన్‌క్రిప్షన్ కీల సంఖ్య ఒక్కో రకానికి ముప్పై రెండు వేల చిల్లరకు పడిపోయింది. ఎవరైనా కూర్చుని అన్నిటినీ ప్రయత్నించి చూడగలిగేంత తక్కువన్నమాట. ఈ సంగతి 2008 మే వరకు బయటపడలేదు. ఇలాంటి కోడ్ జోలికి సొంత తెలివితో వెళ్లొద్దు. టైమ్‌జోన్లు కూడా అంతే. ప్రభుత్వాలు గడియారాల నిబంధనలు మారుస్తూనే ఉంటాయి, ఆ డేటాబేస్ ఏడాదిలో చాలాసార్లు అప్‌డేట్ అవుతుంది. ఆ పని మీరు నెత్తికెత్తుకోలేరు.

ఇక టైపింగ్ మాత్రమే తగ్గించే మొదటి రకానికి 2024 నాటి ఎక్స్‌జెడ్ వ్యవహారం కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. ఎక్స్‌జెడ్ అంటే ఫైళ్లను కుదించే టూల్. దాని 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో దొంగదారి పెట్టారు. గురి రిమోట్ లాగిన్‌కు వాడే ఓపెన్ఎస్ఎస్‌హెచ్ మీద. చిత్రమేమిటంటే ఓపెన్ఎస్ఎస్‌హెచ్‌కు ఎక్స్‌జెడ్‌తో ఏ సంబంధమూ లేదు. కానీ కొన్ని లినక్స్ డిస్ట్రిబ్యూషన్లు, ‘సర్వర్ స్టార్టయింది’ అని, లినక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీకి కబురు పంపడం కోసం ఓపెన్ఎస్ఎస్‌హెచ్‌కు లిబ్‌సిస్టమ్‌డీ అనే లైబ్రరీని తగిలించాయి. ఆ లైబ్రరీ వెంట ఎక్స్‌జెడ్ లైబ్రరీ వచ్చింది. ఆ కబురేమో ఒక సాకెట్‌లోకి పంపే చిన్న సందేశం, కొద్ది లైన్ల పని. లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు ఆరా తీయబట్టి మార్చి 29న విషయం బయటికొచ్చింది. ఆ జూలైలో వచ్చిన ఓపెన్ఎస్ఎస్‌హెచ్ 9.8 ఆ సందేశం పంపే కోడ్‌ను సొంతంగా రాసుకుంది. లిబ్‌సిస్టమ్‌డీ అవసరమే లేకుండా పోయింది.

మీ దగ్గర చేయాల్సిందీ ఇదే. ఒక్కో డిపెండెన్సీ నుంచి మీ కోడ్ నిజంగా పిలుస్తున్న ఫంక్షన్లు ఏవో వెతికి ఒక కాగితం మీద రాయండి. పెద్ద లైబ్రరీ పేరు పక్కన ఒకే ఒక్క చిన్న ఫంక్షన్ తేలితే, గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చారన్నమాట. మీరొక పూటలో రాసి, టెస్టులు పెట్టి, ఆరు నెలల తర్వాత చదివినా అర్థం చేసుకోగలిగేదైతే సొంతంగా రాయండి. ‘నేను రాస్తే ఎక్కడ తప్పు చేశానో కూడా నాకు తెలియదు’ అనిపిస్తే లైబ్రరీనే ఉంచండి.

4. దాని వెనక ఎవరున్నారో చూడండి

చివరి రిలీజ్ తేదీ చూసి తీర్పు చెప్పేయకండి. పని పూర్తయిన చిన్న లైబ్రరీ రెండేళ్లు కదలకపోయినా తప్పేం లేదు. బగ్ రిపోర్టులకు జవాబులు వస్తున్నాయా, రిలీజ్ చేసే హక్కు ఎంతమందికుంది, ఇన్‌స్టాల్ అవుతూనే ఏమైనా స్క్రిప్టులు నడుపుతోందా, లైసెన్సు మీకు సరిపోతుందా అన్నవి చూడండి. 2018లో ఈవెంట్-స్ట్రీమ్ ప్యాకేజీని చూసుకునే ఓపిక లేక దాని యజమాని, సాయం చేస్తానని వచ్చిన అపరిచితుడికి అప్పగించారు. ఆ వ్యక్తి దాని కింద కొత్త డిపెండెన్సీ ఒకటి చేర్చి, అందులోంచి ఒక బిట్‌కాయిన్ వాలెట్ మీద గురిపెట్టాడు. జీతం లేకుండా ఒంటరిగా ఏళ్ల తరబడి మోసి అలసిపోయినవాళ్లను తప్పుపట్టడం నాకు ఇష్టం ఉండదు. మీ ప్యాకేజీ అలాంటి ఒకరి మీద ఆధారపడి ఉంటే, చేతనైన సాయం చేయండి.

5. తగ్గించే దారులు

భాషలోనే వచ్చేసిన సౌకర్యాలు ముందు చూడండి. లెఫ్ట్‌ప్యాడ్ చేసే పని 2017 నుంచి జావాస్క్రిప్ట్ ప్రమాణంలోనే ఉంది. నోడ్ 18లో వెబ్ నుంచి డేటా తెచ్చే ఫెచ్, పైథాన్ 3.9లో టైమ్‌జోన్లు చూసుకునే జోన్‌ఇన్ఫో, 3.11లో టామ్ల్ అనే సెట్టింగ్స్ ఫైళ్లను చదివే మాడ్యూల్ వచ్చాయి. పాత వెర్షన్లకు సపోర్టు మానేసిన రోజున ఒకటి రెండు డిపెండెన్సీలు వాటంతట అవే రాలిపోతాయి.

కొందరికే పనికొచ్చేవి ఐచ్ఛికం చేయండి. పైథాన్‌లో ఎక్స్‌ట్రాస్, రస్ట్‌లో ఫీచర్స్, ఆర్‌లో సజెస్ట్స్ ఇందుకే ఉన్నాయి. గ్రాఫులు గీసే సౌకర్యం పది మందిలో ఒకరు వాడతారనుకుంటే, ఆ లైబ్రరీ మిగతా తొమ్మిది మందికి ఎందుకు?

చిన్న కోడ్‌ను కాపీ చేసి మీ ప్రాజెక్టులో పెట్టుకోవడమూ ఒక దారే. లైసెన్సు నోటీసు అలాగే ఉంచి, ఏ వెర్షన్ నుంచి తెచ్చారో రాసిపెట్టండి. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. రేపు ఆ కోడ్‌లో లోపం బయటపడితే తెలిసిన లోపాలను డిపెండెన్సీలలో వెతికే ఆడిట్ టూళ్లు సాధారణంగా మీకు చెప్పలేవు. పెద్ద లైబ్రరీని ఇలా లోపలికి లాగేసి డిపెండెన్సీల సంఖ్య తగ్గిందనుకోవడం మనల్ని మనం మోసం చేసుకోవడమే.

6. ఉంచుకున్నవాటిని చూసుకోండి

అప్లికేషన్ అయితే, ఏ డిపెండెన్సీ ఏ వెర్షన్‌లో ఉందో నమోదు చేసే లాక్ ఫైల్‌ను కోడ్‌తో పాటే కమిట్ చేయండి. నోడ్‌లో అయితే సర్వర్ మీద ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ బదులు ఎన్‌పీఎం సీఐ వాడండి, లాక్ ఫైల్‌లో ఉన్నవే ఖచ్చితంగా వస్తాయి. లైబ్రరీ అయితే ఒకే వెర్షన్‌కు బిగించకుండా, మీరు పరీక్షించిన శ్రేణి ఇవ్వండి. ఎన్‌పీఎం ఆడిట్, పిప్ ఆడిట్, కార్గో ఆడిట్ లాంటివి రోజూ దానంతటదే నడిచేలా పెట్టండి. భద్రతా సవరణలను వెంటనే తీసుకోండి. మిగతా కొత్త రిలీజ్‌లను కొన్ని రోజులు ఆగి తీసుకోవడం మంచిది, హానికరమైన రిలీజ్‌లు తరచుగా ఆ కాస్త వ్యవధిలోనే పట్టుబడతాయి.

కొత్త డిపెండెన్సీ చేర్చే ప్రతి మార్పుకూ, అది ఎందుకో ఒక్క వాక్యం రాయమని టీమ్‌లో అడగండి. రివ్యూ చేసేటప్పుడు ఆ వాక్యంతో పాటు లాక్ ఫైల్‌లో ఎన్ని కొత్త పేర్లు చేరాయో కూడా చూడండి. ఒకటి అడిగితే పదిహేను వచ్చాయంటే, మూడో అడుగులోని ప్రశ్నను ఆ మార్పు మెర్జ్ కాకముందే అడగాలి.